గట్టు బయటి ఇల్లు

మా పక్కింటాయన తన అక్క ఇల్లు చూపించమని మొదటిసారి అడిగింది ఒక మార్చి నెలలో. వాటర్లూలో మాది గోడలు కలిసి ఉండే టౌన్‌హౌస్. ఆయనకీ మాకూ డ్రైవ్‌వే ఒకటే. రాత్రంతా మంచు కురిస్తే పొద్దున్నే ఆయన ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి పారలతో తోసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్ళం. ఆ కాసేపట్లోనే మా పరిచయమంతా. ఆయన దక్షిణ సూడాన్ మనిషి. పెద్దవాళ్ళ కేర్ హోమ్‌లో పని. ముసలివాళ్ళకి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మీద అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం. మేమూ క్రైస్తవులమేనని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను సిస్టర్ అనేవాడు. మా తెలుగు సంఘంలో అలవాటైన పిలుపే కాబట్టి నేనూ ఏమీ ఆలోచించకుండా బ్రదర్ అనేదాన్ని.

నా ఉద్యోగం ఒక పంటల ఇన్సూరెన్స్ కంపెనీలో. ఉపగ్రహాలు తీసిన చిత్రాలు చూసి, ఎవరి పొలం నీట మునిగింది, ఎవరి పొలం వడగళ్ళకి పోయింది అని తేల్చే పని. ఆ సంగతి మా ఆయన చెప్పాడో, మా అమ్మాయి చెప్పిందో తెలియదు. ఆ రోజు పార మీద చేతులు ఆనించి ఆయన నన్ను అడిగాడు.

"సిస్టర్, మీరు పైనుంచి పొలాలు చూస్తారట కదా. మా ఊరు కనిపిస్తుందా? మా అక్క ఇల్లు చూడాలి."

ఇల్లు కనిపించదు గానీ ఊరు కనిపిస్తుంది, ఆ చిత్రాలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, శనివారం రండి అన్నాను.

శనివారం బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, మేజోళ్ళతో వచ్చి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఊరి పేరు కొడితే పటంలో దొరకలేదు. అప్పుడు నది పట్టుకుని వెతికాడు. తెల్ల నైలు ఒక చోటికి వచ్చేసరికి ఒడ్లు లేకుండా విడిపోయి జమ్ములోకీ తుంగలోకీ పాకిపోతుంది. మన కొల్లేరు లాంటివి ఎన్నో కలిపితే అంత చిత్తడి. ఆయన వేలితో పాయలు ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్ళి ఒక వంపు దగ్గర ఆగాడు. నేను ఆ చోట రాడార్ చిత్రం తెరిచాను. మబ్బులున్నా చీకటైనా ఆ చిత్రానికి అడ్డు ఉండదు. నేల బూడిద రంగులో, నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. తెర నిండా నలుపే వచ్చింది.

"ఇంకా లోడ్ అవుతోందా?" అన్నాడు.

"లేదు బ్రదర్. వచ్చేసింది. అవన్నీ నీళ్ళే."

ఆయన కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వరద ఏటా వచ్చేది, ఏటా పోయేది. నీళ్ళు వచ్చినప్పుడు ఆవుల్ని మెరకకి తోలుకుపోయేవారు. నీళ్ళు దిగితే పచ్చగడ్డి మీదికి తిరిగొచ్చేవారు. కొన్నేళ్ళ కింద వచ్చిన నీళ్ళు మాత్రం వెనక్కి పోలేదు. ఎగువన ఎక్కడో సరస్సులు నిండి పొర్లుతున్నాయన్నారు, వానల తీరు మారిందన్నారు. జొన్న పోయింది. ఆవులు నీళ్ళలో నిలబడి నిలబడి చచ్చిపోయాయి. జనం కలువ దుంపలు పీకి ఉడకబెట్టుకు తింటున్నారు. ఇదంతా ఆయనకి ఫోన్లో విని తెలుసు. కళ్ళతో చూడటం మాత్రం అప్పుడే.

నేను గోదావరి లంకలో పుట్టినదాన్ని. లంక అంటే నదికీ కరకట్టకీ మధ్య ఉండే నేల. వరదొస్తే కరకట్ట లోపలి ఊళ్ళని కాపాడుతుంది. మేము బయటివాళ్ళం. శ్రావణంలో నీళ్ళు పెరిగితే మా అమ్మావాళ్ళు ధాన్యం అటక మీదకి ఎక్కించి, గేదెల్ని తోలుకుని కట్ట మీదకి వచ్చి టార్పాలిన్ కింద పడుకునేవారు. కట్ట మీద నిలబడితే ఒక పక్క మా కప్పులు నీళ్ళలో, ఇంకో పక్క ఊడ్పులైన చేలు పచ్చగా. చిన్నప్పుడు చూసిన ఆ రెండు పక్కలూ నాకు బాగా గుర్తు. బహుశా అందుకే ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ చిత్రం మూయలేకపోయాను.

ఆ తరవాత శనివారాలు అలవాటైపోయాయి. ఆయన ఊళ్ళో బళ్ళో చెప్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఇంగ్లీషు వచ్చినావిడ. దోనెలో సిగ్నల్ దొరికే చోటికి వచ్చి ఫోన్ చేసేది. మాకు పొద్దున్న, వాళ్ళకి మధ్యాహ్నం. ఆవిడ చెప్పిన దాన్ని బట్టి ఊరివాళ్ళు ఎవరో వచ్చి ఏదో చేస్తారని ఎదురుచూడటం ఎప్పుడో మానేశారు. మట్టి గట్టు వాళ్ళే వేసుకుంటున్నారు. మొలలోతు నీళ్ళలోకి దిగి అడుగున జిగురుమట్టి తవ్వి, గడ్డీ కొమ్మలూ కలిపి తొక్కి, ముద్దలు ముద్దలుగా చేతుల మీద మోసుకొచ్చి పేర్చడం. ఆడవాళ్ళే ఎక్కువ. అంతకు ముందటేడు ఎవరి ఇంటి చుట్టూ వాళ్ళు వేసుకుంటే అన్నీ ఒక్కొక్కటీ తెగాయి. ఈసారి ఊరంతటికీ కలిపి ఒకటే వేద్దామనుకున్నారు. బడి, ఆసుపత్రి, మంచినీళ్ళ బోరు లోపలికి రావాలి. గట్టు పొడుగు ఎంత తక్కువైతే అంత మంచిది, ఉన్న చేతులు కొన్నే. మెరక ఎక్కడెక్కడ ఉందో చెప్పగలరా అని అడిగారు.

ఆఫీసు పనయ్యాక సాయంత్రాలు కూర్చుని గడిచిన ఏళ్ళ చిత్రాలన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. ఏ నేల ముందు మునిగింది, ఏది చివరిదాకా తేలింది. ఒక చిక్కుంది. తేలే జమ్ము కూడా ఆ చిత్రాల్లో నేల లాగే కనిపిస్తుంది. నేను గుర్తుపెట్టిన చోటల్లా కర్ర దింపి చూడమన్నాను. వాళ్ళు దోనెల్లో వెళ్ళి దింపారు. కొన్ని చోట్ల కర్ర దిగిపోయింది, అవి కొట్టేశాం. ఏప్రిల్ చివరికి, మా వీధిలో మంచు కరిగి కాలువలు నిండేసరికి, మెరకల పటం ఒకటి, వాటిని కలుపుతూ నేను గీసిన గట్టు గీతతో సహా, తయారైంది.

ఆ పటంలో ఆయన అక్క ఇల్లు గీతకి అవతల పడింది.

ఊరికీ ఆవిడ ఉండే వైపుకీ మధ్య పాత వాగు ఒకటి ఉంది. ఎండాకాలాల్లో పిల్లలు నడిచి దాటేవారట. ఆ వైపు ఇళ్ళు కొద్దిగానే. అందరూ ఆయన వంశం వాళ్ళే. వాళ్ళని లోపలికి తీసుకోవాలంటే గట్టు ఆ వాగుని రెండుచోట్ల దాటాలి. ఊరి పెద్దలు పటం చూశారు, కర్రలతో నడిచి చూశారు. ఆ శనివారం మేము ఆయన ఇంట్లో కూర్చున్నాం. ఆయన భార్య అల్లం టీ ఇచ్చి పిల్లల్ని తీసుకుని పైకి వెళ్ళింది. టీచరమ్మ నాకూ అర్థం కావాలని ఇంగ్లీషులోనే మాట్లాడింది.

"వాగు అవతలి ఇళ్ళ సంగతి పెద్దలు తేల్చలేదు. అది మీ వంశం, అందులో పెద్దవారు మీరే. మీరు లోపలికి తెమ్మంటే తెస్తారు. వద్దంటే ఆ ఇళ్ళవాళ్ళని లోపలికి వచ్చేయమంటారు, గుడిసెలకి చోటిస్తారు. ఆవులకి మాత్రం చోటు లేదు. మీ మాట కోసం కూర్చున్నారు."

ఆయన ఫోన్ మ్యూట్ చేసి నా వైపు తిరిగాడు.

"సిస్టర్, ఆ వాగు మీద గట్టు నిలుస్తుందా?"

నేను ఇంజినీర్ని కానని చెప్పాను. చిన్నప్పుడు మా కరకట్టకి గండి పడ్డప్పుడల్లా పాత పాయ ఉన్న చోటే పడటం చూశాను. అడుగున ఒండు మట్టి, అక్కడే ముందు ఊట పుడుతుంది. ఆ మాటే చెప్పాను. "నిలవకపోవచ్చు. తెగితే అక్కడే తెగుతుంది."

"తెగితే?"

"లోపలున్న వాళ్ళందరి మీదికీ వస్తుంది."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. పని దగ్గర మాటిమాటికీ కడుక్కోవడం వల్ల వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి ఉండేది. తరవాత మ్యూట్ తీసి వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పాడు.  అవతల టీచరమ్మ ఏదో అడిగింది. ఆయన మొదట చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నాతో అన్నాడు. "బయటే ఉంచమన్నాను."

నన్ను సాగనంపడానికి డ్రైవ్‌వే దాకా వచ్చి, అక్కడే నిలబడి అక్క గురించి చెప్పాడు. యుద్ధంలో ఊరు తగలబడినప్పుడు ఆయన చాలా చిన్నవాడు. అక్కకి అప్పటికి పదమూడో పద్నాలుగో. జమ్ము కోసి కట్టలు కట్టి, వాటి మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి, మెడలోతు నీళ్ళలో రోజుల తరబడి తోసుకుంటూ తీసుకెళ్ళింది. కాళ్ళు కిందకి దించనిచ్చేది కాదట. అమ్మ మొహం ఆయనకి గుర్తు లేదు. గుర్తున్నదల్లా అక్క వీపూ, తడిసిన జుట్టూ. ఇదంతా గొంతు మార్చకుండా చెప్పాడు. నేను లోపలికి వచ్చి వంట మొదలుపెట్టాను గానీ ఏం వండానో తెలియలేదు.

తరవాతి శనివారం టీచరమ్మ దోనెలో అక్కని కూడా తీసుకొచ్చింది. తమ్ముడి నోటితోనే వింటానందట. నేను పక్కనే ఉన్నాను. ఫోన్లోంచి వచ్చిన గొంతు నెమ్మదిగా, తగ్గి ఉంది. కోపంగా అనిపించలేదు. పెద్దవాళ్ళు పిల్లల్ని అన్నం తిన్నావా అని అడిగేటప్పటి గొంతులా ఉంది. ఆయన ఒక్క మాటతో జవాబిచ్చాడు. అంతటితో అయిపోయింది. ఏమన్నారని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు.

"నా ఇల్లు బయట పెట్టమన్నది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. సరే అంది."

మిగతా ఇళ్ళవాళ్ళు గుడిసెలు విప్పుకుని, బతికున్న నాలుగు ఆవుల్ని దూరపు మెరకలో ఉన్న చుట్టాల దగ్గరికి తోలి, లోపలికి వచ్చేశారు. అక్క రాలేదు. మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ పాతిపెట్టింది ఇల్లున్న ఆ దిబ్బలోనే, వాళ్ళని వదిలి రానందట. ఆవిడ దగ్గర మనవరాలు ఒకతె ఉంది, తల్లి లేని పిల్ల. ఆ పిల్లనైనా పంపమని టీచరమ్మ అడిగింది. పిల్ల అమ్మమ్మని వదల్లేదు. ఇంకో ఇంటివాళ్ళు కూడా ఆవిడతో పాటు ఉండిపోయారు. వాళ్ళంతా కలిసి దిబ్బని ఎత్తు చేసుకోవడం మొదలుపెట్టారు. జమ్ము వేళ్ళతో సహా పెరికి పరచడం, మీద మట్టి, మళ్ళీ జమ్ము. లోపలి ఆడవాళ్ళు కూడా తమ పని ముగించుకుని దోనెల్లో వెళ్ళి సాయం పట్టేవారు. గట్టు లోపలివాళ్ళూ బయటివాళ్ళూ అని వాళ్ళ మధ్య పోట్లాట ఏమీ రాలేదు. అందరికీ తెలుసు ఎందుకు అలా వేశారో. తెలియడం వల్ల తేలికైంది కూడా ఏమీ లేదు.

జూన్‌లో టీచరమ్మ ఒక ఫొటో పంపింది. ఎత్తు చేసిన దిబ్బ మీద ఆ పిల్ల తన ఎత్తున్న మట్టగిడస లాంటి చేపని తోక పట్టుకుని నిలబెట్టింది. ముందు పళ్ళు రెండూ లేవు. మా అమ్మాయి ఆ ఫొటో చూసి, "ఈజ్ షి సెవెన్?" అని అడిగింది. ఎనిమిదట అన్నాను.

ఆ వేసవి మాకు ఉత్తరాన అడవులు తగలబడ్డాయి. వాటర్లూ మీద ఆకాశం రోజుల తరబడి పసుపుపచ్చగా ఉండిపోయింది. కిటికీలన్నీ బిగించుకుని, ఫ్రిజ్ మోత వింటూ, అక్కడ నీళ్ళు ఎక్కడం చూస్తూ కూర్చునేదాన్ని. ఉపగ్రహం ఆ ప్రాంతం మీదుగా వెళ్ళినప్పుడల్లా కొత్త చిత్రం వచ్చేది. నల్లటి నీళ్ళలో గట్టు సన్నటి తెల్ల ఉంగరంలా తేలింది. దానికి పక్కన, వాగు అవతల, ఒక చుక్క. చూడటం తెలియనివాళ్ళకి అది మరకలా ఉంటుంది. శనివారం పక్కింటాయన వచ్చి ముందు ఉంగరం గురించి అడిగేవాడు, ఎక్కడైనా సన్నబడిందా, ఎక్కడైనా తెగిందా అని. అన్నీ అయ్యాక చివర్లో, లేచేటప్పుడు, "ఉందా?" అనేవాడు. "ఉంది" అనేదాన్ని.

మా ఆయనకి ఇదంతా నచ్చలేదు. హైదరాబాద్ మనిషి, అమెరికాలో కొన్నేళ్ళు చేసి ఇటు వచ్చినవాడు, రూల్స్ బాగా తెలిసినవాడు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు.

"నువ్వు చెప్పినవని వాళ్ళు కట్టుకున్నరు. రేపు అది తెగితే ఎట్ల? ఇక్కడ కూసొని నువ్వేం జేస్తవ్?"

"చెప్పకపోతే ఇంకోలా కట్టుకునేవాళ్ళు. అప్పుడు తెగితే?"

"అప్పుడు నువ్వు నిద్రపోతుంటివి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను సరిగ్గా నిద్రపోయి అప్పటికి చాలా రోజులైంది.

ఆగస్టులో ఒక చిత్రంలో చుక్క కనిపించలేదు.

కొలతలు మార్చి చూశాను. అంతకు ముందు రోజుల చిత్రాలు పక్కన పెట్టి చూశాను. ఉంగరం అలాగే ఉంది. చుక్క ఉన్న చోట నలుపు. ఆ శనివారం ఆయన లేచేదాకా ఆగకుండా నేనే చెప్పాను. కనిపించడం లేదు బ్రదర్, కానీ దిబ్బ చిన్నది, చుట్టూ నీళ్ళు కొంచెం ఎక్కినా చిత్రానికి అందకపోవచ్చు, పోయిందని దీన్నిబట్టి అనుకోకూడదు అన్నాను. ఆయన తలూపాడు. టీచరమ్మ ఫోన్ అందలేదు. మర్నాడూ అందలేదు. టవర్ దగ్గర జెనరేటర్ మునిగిందని తరవాత తెలిసింది. ఆ రోజుల్లో ఆయన ఒక్క షిఫ్టు కూడా మానలేదు. పొద్దున్నే యూనిఫారం వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో కారెక్కడం మా వంటింటి కిటికీలోంచి కనిపించేది.

ఫోన్ వచ్చింది పనిరోజున. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఆయన డ్యూటీ నుంచి నేరుగా మా తలుపు కొట్టాడు. ఫోన్ చేతిలోనే ఉంది, టీచరమ్మ లైన్లో ఉంది. ఆయన మాట్లాడలేకపోతుంటే నేనే తీసుకున్నాను.

పిల్ల చనిపోయింది. వాంతులు, జ్వరం. ఊళ్ళో చాలామందికి అదే వచ్చింది. ఉన్న దోనెలు అప్పటికే జబ్బువాళ్ళని ఆసుపత్రికి చేరవేస్తున్నాయి, అవతలి దిబ్బకి దోనె వెళ్ళేసరికి ఆలస్యమైంది. దిబ్బ మీదకి నీళ్ళు ఎక్కింది ఆ తరవాత. అమ్మమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని అదే దోనెలో గట్టుకి వచ్చింది. ఇదంతా చెప్పాక టీచరమ్మ నన్ను ఒకటి అడిగింది.

"పాతిపెట్టడానికి ఊళ్ళో పొడినేల లేదు. లోపల ఎక్కడ తవ్వినా మూరెడు లోతులో నీళ్ళు ఊరుతున్నాయి. గట్టు ఒక్కటే ఉంది. ఎక్కడ తవ్వితే గట్టుకి దెబ్బ తగలదో మీరు చెప్పండి."

నేను పటం తెరిచాను.  బడి దగ్గర గట్టు సహజమైన మెరక మీదుగా వెళ్తుంది. అక్కడ దాని వెడల్పు కూడా ఎక్కువ. లోపలి వాలున, పైభాగంలో కాకుండా నడుము దగ్గర తవ్వమన్నాను. లోతు వద్దన్నాను. పూడ్చాక జిగురుమట్టి వేసి గట్టిగా తొక్కాలన్నాను. ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక గానీ నేను ఏం చెప్పానో నాకు తెలియలేదు. టీచరమ్మ మాత్రం అంతా మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, థాంక్యూ అని పెట్టేసింది.

ఆయన గుమ్మం దగ్గర బూట్లతోనే నిలబడి ఉన్నాడు. నా మాటలన్నీ విన్నాడు. కూర్చోమన్నాను. వద్దన్నాడు. భార్యకి చెప్పాలని వెళ్ళిపోయాడు. కాసేపటికి గోడ అవతల నుంచి ఆవిడ ఏడుపు వినిపించింది. నాకు అప్పటికే ఆఫీసు మీటింగ్ మొదలైంది. కెమెరా ఆపేసి కూర్చున్నాను. వడగళ్ళకి దెబ్బతిన్న సోయా పొలాల గురించి మాట్లాడుతున్నారు. నన్ను అడిగినప్పుడు లెక్కలు చెప్పాను.

ఆ ఆదివారం మా తెలుగు సంఘంలో ప్రార్థన మనవిగా పెట్టాను. పెద్దావిడ ఒకరు, అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, పిల్ల పేరు అడిగారు. చెప్పాను. ప్రార్థనలో ఆవిడకి ఆ పేరు పలకడం రాలేదు. మూడు రకాలుగా పలికి, చివరికి "ఆ బిడ్డ" అన్నారు. వెనక ఎవరో ఆమెన్ అన్నారు. పక్కింటాయనకి ఆ సంగతి చెప్పలేదు.

గట్టు ఆ ఏడు నిలిచింది. చుట్టుపక్కల చాలా ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఈ ఊరు మిగిలింది. నీళ్ళు తగ్గుముఖం పట్టాక పెద్దలు ఫోన్లో ఆయనకీ నాకూ కృతజ్ఞతలు చెప్పారు. ఆయన విని, సరేనని, ఆ సంభాషణ నాకు అనువాదం చేయకుండానే ముగించాడు. తరవాత టీచరమ్మ చెబితే తెలిసింది.

ఫిబ్రవరిలో ఆయన సెలవు పెట్టి వెళ్ళాడు. విమానాలు మారి, తరవాత పడవ, ఆఖర్న దోనె. తిరిగి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. మలేరియా. లేవగలిగాక ఒక పొద్దున్న మా ఇంటికి వచ్చి కూర్చుని చెప్పాడు. అక్క బడి వరండాలో ఉంటోంది. ఆయన ఉన్నన్నాళ్ళూ చేపలు కాల్చి పెట్టింది, పక్క వేసింది, దోమతెర కట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే గట్టు మీద పిల్లని పెట్టిన చోటికి వెళ్ళి, వాలు జారకుండా మట్టి మెత్తి వచ్చేది. ఆయన వెనకే వెళ్ళి మట్టి అందించేవాడు. తీసుకునేది. దోనె ఎక్కే రోజున ఆయన ఏదో చెప్పబోతే ఆపింది.

"నువ్వు చెప్పింది సరైనదే. సరైనదని నాకు చెప్పకు."

 నేను టీ పెట్టాను. తాగాడు.

రెండో ఏడు నీళ్ళు ముందే వచ్చాయి. వాన గట్టు లోపల కూడా నిలిచింది. తోడి పోయడానికి ఉన్న పంపు ఒకటే, దానికి డీజిల్ ఒకోసారి ఉండేది, ఒకోసారి ఉండేది కాదు. బకెట్లతో ఎత్తిపోశారు. గట్టుకి ఉత్తరం వైపు ఊట పుట్టి ఒక ముక్క జారింది. తెగకముందే దాన్ని వదిలేసి లోపలగా ఇంకో గట్టు వేసుకున్నారు. ఉంగరం చిన్నదైంది. కొత్త పటం అడిగితే పంపాను. ఈసారి అందులో గీత ఏదీ గీయలేదు, మెరకా పల్లం మాత్రం చూపించాను. నేను గీయకపోయినా ఎక్కడో ఒక చోట గీత పడక తప్పదు. కొన్ని ఇళ్ళు బయట పడ్డాయి. వాళ్ళు లోపలికి జరిగారు. ఇప్పుడు బడి గదుల్లో నడవడానికి చోటు లేదని టీచరమ్మ చెప్పింది. ఇంకొక ఏడు ఇలాగే వస్తే ఊరు ఉండదని ఆవిడే, మామూలు గొంతుతో, చెప్పింది. కొన్ని కుటుంబాలు అప్పటికే వెళ్ళిపోయాయి.

గట్టు కాపలాకి ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. పొద్దునా సాయంత్రం గట్టు మీద నడిచి ఊట ఎక్కడ ఉందో చూడటం, కర్రతో నీటిమట్టం చూడటం. బడి వైపు వంతు అక్క తీసుకుంది. దాంతో శనివారం ఫోన్లోకి ఆవిడే రావడం మొదలైంది. నీళ్ళు ఎంత దాకా వచ్చాయో చెప్పేది. మోకాలి కింద, మోకాలి మీద, తొడ. తమ్ముడు దాన్ని నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను చిత్రం పక్కన రాసుకునేదాన్ని. చిత్రం చూసి రాబోయే రోజుల్లో నీళ్ళు పెరిగేలా ఉన్నాయో తగ్గేలా ఉన్నాయో నేను చెబితే ఆయన అక్కకి చెప్పేవాడు. ఆవిడ విని ఫోన్ పెట్టేసేది. ఇద్దరి మధ్యా మాటలంటే అవే. కుశలం లేదు, పిల్లలెలా ఉన్నారని లేదు.

మొన్న శనివారం కూడా అంతే జరిగింది. అక్కడ వాన పడుతోంది, టార్పాలిన్ మీద చప్పుడు ఫోన్లో మా దాకా వినిపించింది. అక్క కొలత చెప్పింది. తొడ దాకా వచ్చింది. నేను ఇంకా పెరుగుతుందన్నాను. ఆయన చెప్పాడు. ఆవిడ విన్నది. ఎప్పటిలా ఫోన్ పెట్టేస్తుందనుకుని నేను కంప్యూటర్ మూయబోయాను. లైన్ ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు, ఫోన్ టేబుల్ మీద పెట్టి దాని మీదికి వంగి కూర్చున్నాడు. ఎక్కడో కోడి కూసింది, ఎవరో పిల్ల దగ్గింది, ఆవిడ పక్కకి తిరిగి ఆ పిల్లకి ఏదో చెప్పి మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. వాన అలాగే పడుతోంది. కాసేపటికి సిగ్నల్ పోయింది.